వీసా ఫారంలో మా అక్క రైతు ఎలా అయింది

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో యూరప్ పర్యటనల మీద వేసిన పూర్తి పేజీ కథనం రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి. వీసా సంగతి మాత్రం చివర నాలుగు లైన్లలో తేల్చేసి, మంచి ఏజెంటును పట్టుకోండి అన్నారు. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. 2025 వేసవిలో నేనూ మా అక్కా సరిగ్గా ఆ పనే చేశాం. డబ్బు పోయింది, నెలలు పోయాయి, అన్నిటికంటే అక్క మనసు నొచ్చుకుంది. ఉత్తరం కాస్త పొడుగవుతుంది. జాగా చాలకపోతే నా సొంత గోల తీసేయండి, నిబంధనలు మాత్రం ఉంచండి.

నేను తపాలా శాఖలో 36 ఏళ్ళు పనిచేసి 2023లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఉత్తర చెన్నైలోని సబ్ పోస్టాఫీసుల్లో, కౌంటరు మీదే. మా ఆయన పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో చేసేవారు, పోయి ఆరేళ్ళయింది. అక్కది నాయుడుపేట దగ్గర పల్లె. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, 66. పెళ్ళయిన నాటి నుంచి ఇప్పటిదాకా పొలం, పాడి. నేను ఫ్యాను కింద కూర్చుని ముద్రలు కొడుతున్నన్నాళ్ళూ అక్క ఎండలో నాట్లేసింది.

యూరప్ అంటే అందరికీ ఈఫిల్ టవరు గుర్తొస్తుంది, నాకు బెర్న్. 1874 అక్టోబరు 9న 22 దేశాల వాళ్ళు స్విట్జర్లాండ్‌లోని ఆ ఊళ్ళో కూర్చుని తపాలా ఒప్పందం రాసుకున్నారు. అంతకు ముందు ఒక ఉత్తరం నాలుగు దేశాలు దాటాలంటే నాలుగు రకాల లెక్కలు. ఆ ఒప్పందంతో ఆ దేశాలన్నీ ఉత్తరాల మటుకు ఒకే ప్రాంతం అయిపోయాయి. మన దేశం 1876లో చేరింది. ఏటా అక్టోబరు 9న మేం ప్రపంచ తపాలా దినం జరుపుకునేది అందుకే. ఆ ఒప్పందంతో ఏర్పడిన ప్రపంచ తపాలా సంఘం ఆఫీసు ఇప్పటికీ బెర్న్‌లోనే ఉంది. అక్కడి పార్కులో, భూగోళం చుట్టూ అయిదు ఖండాల మనుషులు ఒకరి చేతి నుంచి ఒకరికి ఉత్తరాలు అందించుకుంటున్న విగ్రహం ఉంది, 1909లో పెట్టారు. ఆ బొమ్మను ఆఫీసు కాగితాల మీద చిన్న గుర్తుగా చూసీ చూసీ, రిటైరయ్యాక ఒక్కసారి దాని ముందు నిలబడాలని నాకు పిచ్చి కోరిక. అక్క కోరిక ఇంకా చిన్నది. "ఫ్రిజ్‌లో గడ్డ కాదే, నేల మీద పడ్డ మంచు చూడాల. తొక్కి చూడాల," అనేది.

11 రోజుల ప్రయాణం అనుకున్నాం. బెర్న్, ఆ చుట్టుపక్కల కొండలు నాలుగు రాత్రులు. ఇంకో దేశంలో ఆరు రాత్రులు. ఒక్క వీసాతో యూరప్‌లోని చాలా దేశాలు తిరగనిచ్చే షెంజెన్ వీసాకు ఉన్న మొదటి నిబంధన ఇక్కడే వస్తుంది. ఎక్కువ రాత్రులు గడిపే దేశానికే దరఖాస్తు పెట్టాలి. రాత్రులు సమానమైతే ముందుగా అడుగుపెట్టే దేశానికి. ఫలానా దేశం వాళ్ళు తేలిగ్గా ఇస్తారట అని విని అక్కడ పెట్టి, తిరుగుడంతా వేరే దేశంలో పెట్టుకుంటే కాగితాలే మనల్ని పట్టిచ్చేస్తాయి. మేం ఏ దేశానికి పెట్టామో రాయను. ఫారం అన్ని దేశాలకూ ఒకటే, మాకు జరిగింది ఎక్కడైనా జరగొచ్చు.

(ఒక చిన్న ముచ్చట. షెంజెన్ అనేది లక్సెంబర్గ్‌లో ఓ చిన్న ఊరు. 1985 జూన్ 14న అయిదు దేశాల ప్రతినిధులు అక్కడ నదిలో పడవ మీద, సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేసే ఒప్పందానికి సంతకాలు చేశారు. ఇప్పుడు అందులో 29 దేశాలు. ఉత్తరానికి 1874లో దొరికింది మనిషికి దొరకడానికి ఇంకో 111 ఏళ్ళు పట్టిందన్నమాట. అదీ చేతిలో వీసా ఉన్న మనిషికి.)

ఏజెంటు మా కాలనీలో ఒకరికి తెలిసినాయన. ఇద్దరికీ కలిపి 14 వేలు అన్నాడు. అక్క నాయుడుపేటలో రైలెక్కి చెన్నై వచ్చింది, సంచిలో పట్టాదారు పాసు పుస్తకాలు, బ్యాంకు పుస్తకం, పోస్టాఫీసు పుస్తకం, రేషన్ కార్డు, ఒక బుట్టలో గడ్డపెరుగు. ఏజెంటు పెరుగు తీసుకున్నాడు, పాసు పుస్తకాలు మాత్రం వద్దన్నాడు. "ఇవన్నీ ఎందుకమ్మా, అకౌంట్లో డబ్బుంటే చాలు. ఎక్కువ కాగితాలు పెడితే ఎక్కువ ప్రశ్నలు," అన్నాడు. అక్క అకౌంట్లో డబ్బుంది. మార్చి ఆఖర్లో వడ్లు అమ్మిన మూడు లక్షల ఎనభై వేలు అప్పుడే పడింది. మా వైపు రబీ పంటే పెద్దది, కోత అయ్యేది మార్చి ప్రాంతాల్లోనే. డబ్బు కనపడితే ఏజెంటు ముఖం వెలిగింది.

ఫారం వాళ్ళ కుర్రాడు నింపాడు. వృత్తి అన్న గడి దగ్గర అక్కను చూశాడు, జరీ అంచు నేత చీర, ముక్కుపుడక. ఏమీ అడగలేదు. గృహిణి అని కొట్టాడు. ఖర్చు ఎవరు భరిస్తారు అన్న చోట భర్త అని కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. 36 ఏళ్ళు జనం ఫారాలు సరిచూసిన దాన్ని, నోరు తెరవలేదు. డబ్బిచ్చి పెట్టుకున్నాం కదా, వాళ్ళకు తెలుసులే అనుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

అపాయింట్‌మెంటు ఒక పెద్ద తలనొప్పి. ఏప్రిల్ నెల, స్లాట్లు లేవు. నాలుగు వేలిస్తే ఇప్పిస్తానని ఏజెంటు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోలేదు. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటూ ఫోన్లో చూస్తూ ఉన్నాను. ఆరో రోజున ఎవరో రద్దు చేసుకున్న రెండు స్లాట్లు దొరికాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందన్నా పెట్టాలి. ఈ సంగతి ముందే తెలిసుంటే మేం సంక్రాంతి కాగానే మొదలుపెట్టే వాళ్ళం, మే నెల ప్రయాణానికి ఏప్రిల్లో పరుగెత్తే వాళ్ళం కాదు.

దరఖాస్తులు తీసుకునే సెంటర్లో ఆ రోజు నేను మామూలు మనిషిని కాను, కౌంటరు అవతల కూర్చున్న వాళ్ళను చూస్తూ ఉండిపోయాను. పిల్లలు చురుగ్గానే ఉన్నారు. కానీ ఒకటి గమనించాను. లోపలికి వెళ్ళగానే ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, పెద్దవాళ్ళు కదా, లాంజ్ తీసుకుంటారా?" అంది. కుర్చీ అనుకున్నాం. ఒక్కొక్కరికి మూడు వేలు పడుతుందని బిల్లు చేతికి వచ్చాక తెలిసింది. ఎస్సెమ్మెస్‌కి ఒక రుసుము, కొరియరుకి ఒకటి, ఫొటోకాపీకి ఒకటి. వీసా ఫీజు, సెంటర్ సర్వీసు ఛార్జీ తప్ప మిగతావి మన ఇష్టం. వద్దంటే వద్దు, దానివల్ల వీసాకు ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. ఈ మాట గోడ మీద ఎక్కడా పెద్దక్షరాల్లో లేదు. మా పోస్టాఫీసులో మనియార్డరు కమీషను ఎంతో బోర్డు మీద రాయకపోతే ఇన్‌స్పెక్షన్‌లో మమ్మల్ని నిలబెట్టి అడిగేవారు.

ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆ సెంటర్ వీసా ఇవ్వదు, కాదనదు. కాగితాలు తీసుకుని, వేలిముద్రలు తీసుకుని, కాన్సులేటుకు, అంటే వీసా సంగతి తేల్చే ఆ దేశపు ఆఫీసుకు, చేరవేస్తుంది, అంతే. కవర్లో ఏముందో పోస్ట్‌మ్యాన్‌కి పట్టనట్టే. అక్కడి అమ్మాయి ఫైలు చూసి "అన్నీ బాగున్నాయి మేడమ్" అంటే వీసా వచ్చినట్టు కాదు.

అక్క వేలిముద్రలు పడలేదు. రేషన్ షాపులోనూ అంతే, అరిగిపోయిన వేళ్ళు. మిషన్ ఎర్ర లైటు చూపిస్తూనే ఉంది. తడిగుడ్డతో తుడిచారు, మళ్ళీ పెట్టించారు, నాలుగోసారికి పడ్డాయి. పది వేళ్ళూ అలా అరగదీసుకున్న మనిషి ఫైల్లో గృహిణి అని ఉంది. ఆ క్షణంలోనైనా నాకు తట్టాల్సింది.

పద్దెనిమిదో రోజున రెండు పాస్‌పోర్టులూ వచ్చాయి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పోవచ్చు కాబట్టి ఆలస్యమేమీ కాదు. నా పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు ఉంది. అక్కదాంట్లో లేదు, మడిచిన కాగితం ఒకటి ఉంది. తిరస్కరణ కాగితం కూడా అన్ని దేశాలకూ ఒకే నమూనా. కారణాలన్నీ వరసగా అచ్చువేసి ఉంటాయి, వర్తించిన వాటి ఎదుట టిక్కు పెడతారు. అక్కకు రెండు టిక్కులు. ప్రయాణం ఎందుకో, అక్కడ ఎలా గడుస్తుందో తగినంతగా చూపలేదని ఒకటి. వీసా గడువు లోపల తిరిగి వెళ్ళిపోతారన్న దాని మీద సందేహం ఉందని రెండోది.

రెండోది అక్కకు చదివి వినిపించాను. కాసేపు అర్థం కాలేదు. తర్వాత, "తిరిగి రాకుండా నేనాడ ఏం చేస్తానే? గేదెలకి గడ్డెవరేస్తారు?" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. "నన్ను దొంగ లెక్క కట్టారు కదే," అని ఒక్కమాట అంది. ఏజెంటును అడిగితే, "ఇది లక్కమ్మా, 2024లో మన దేశం నుంచి 11 లక్షల పైన అప్లికేషన్లు పోతే లక్షా అరవై అయిదు వేలు కొట్టేశారు," అన్నాడు. ఆ లెక్క నిజమే, తర్వాత నేనూ చూశాను. కానీ మిగతా వాళ్ళకు లక్కు ఎలా వచ్చిందో అతను చెప్పలేదు.

అక్క లేకుండా నేను వెళ్ళలేదు. నా వీసా తేదీలు దాటిపోయాయి. అదీ నష్టమే. ఎలాగంటే, 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు ఒక వెసులుబాటు ఉంది: మూడేళ్ళలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని పద్ధతిగా వాడుకున్న వాళ్ళకు ఆ తర్వాత రెండేళ్ళ వీసా, దాన్నీ సరిగ్గా వాడుకుంటే అయిదేళ్ళది ఇచ్చే పద్ధతి. తీసుకుని వాడుకోని వీసా ఆ లెక్కలోకి రాదు.

జూన్ నెలంతా నేను చేసిన పని ఒకటే. యూరోపియన్ యూనియన్ వాళ్ళు బయట పెట్టిన నిబంధనలు, భారత్‌లో అడిగే కాగితాల జాబితా ముందు పెట్టుకుని, అక్క ఫైలును మా ఇన్‌స్పెక్టరు చూసినట్టు చూశాను. తప్పులు ఒక్కోటీ బయటపడ్డాయి. ఇవన్నీ మన తెలుగు ఇళ్ళల్లో ఎవరికైనా ఉండే తప్పులే.

మొదటిది ఆ మూడు లక్షల ఎనభై వేలు. అయిదారు వేలు తిరుగుతున్న ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం పడి, పది రోజులకు వీసా దరఖాస్తు వస్తే చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఎవరి దగ్గరో అప్పు తెచ్చి చూపించి, తర్వాత తిరిగి ఇచ్చేస్తారనే. నిజంగా అలా చేసేవాళ్ళు ఉన్నారు, ఏజెంట్లు చేయిస్తారు కూడా. ఇక్కడ డబ్బు నిజాయితీ డబ్బే. కానీ వరి డబ్బు జీతంలా నెలనెలా రాదు, కోతకొకసారి కుప్పగా వస్తుంది. అది వరి డబ్బు అని చెప్పే కాగితం ఒక్కటి కూడా ఫైల్లో లేదు. నా ఖాతాలో అంతకన్నా తక్కువే ఉంది. కాకపోతే పెన్షను ప్రతి నెలా పడుతుంది. నాకు వచ్చి అక్కకు రాకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే.

రెండోది ఆదాయపు పన్ను రిటర్నులు. జాబితాలో అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు, అక్క ఎప్పుడూ రిటర్ను వేయలేదు. ఎందుకు వేయలేదో ఒక లైను రాస్తే సరిపోయేది. ఏజెంటు ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

మూడోది పేర్లు. మనకు ఇంటిపేరు ముందు ఉంటుంది, పాస్‌పోర్టు వాళ్ళకు చివర కావాలి. ఫారంలో పుట్టినప్పటి ఇంటిపేరు అని ఒక గడి వేరే ఉంది. అందులో కూడా కుర్రాడు అత్తింటి పేరే కొట్టాడు. అక్క పేరులోని లక్ష్మి ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి, బ్యాంకులో మొదటి అక్షరం మాత్రమే. దానికి తోడు జిల్లా. నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. పాస్‌పోర్టు అంతకు ముందుది, నెల్లూరు అని ఉంది. ఆధార్ తర్వాత మార్పించింది, తిరుపతి అని ఉంది. మనకు నవ్వొస్తుంది. ఎక్కడో కూర్చుని చూసే మనిషికి ఒకే మనిషి రెండు జిల్లాల్లో ఉంటోంది.

ఇక కవరింగ్ లెటరు, అంటే ఎందుకు వెళ్తున్నామో చెబుతూ ఫైలుతో పెట్టే ఉత్తరం. ఏజెంటు రాసినదాన్లో ప్రపంచ ప్రసిద్ధి చెందిన అందమైన దేశాన్ని సందర్శించాలన్న చిరకాల వాంఛ అని ఉంది. నా లెటర్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. కాన్సులేటులో ఆ వాక్యం రోజుకు ఎన్నిసార్లు చదువుతారో పాపం.

తిరస్కరణ మీద అప్పీలు చేసుకునే హక్కుంది. ఎవరికి, ఎన్నాళ్ళలో అన్నది ఆ కాగితం మీదే ఉంటుంది. అక్క వద్దంది. మళ్ళీ కొత్తగా పెట్టడానికి ఇన్నాళ్ళు ఆగాలన్న నియమం లేదు. అయితే పాత తిరస్కరణ వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది, దాచడం కుదరదు. అందుకే మేం దాచలేదు. ఆగస్టులో పెట్టిన రెండో ఫైల్లో మొదటి పేరాలోనే, ఏప్రిల్లో వీసా నిరాకరించారు, అప్పుడు మేం చెప్పని సంగతులు ఇవి అని రాశాం.

ఈసారి వృత్తి గడిలో రైతు అని రాశాను. ఖర్చు భరించేది ఎవరు అన్న చోట, స్వయంగా. పుట్టింటి వాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు అక్క పేరు మీదే ఉన్నాయి. ఆమె ఫొటోతో ఉన్న పాసు పుస్తకం, రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డులైన 1బి, అడంగల్ నకళ్ళు పెట్టాం. అవి తెలుగులో ఉంటే ఇంగ్లీషు చేయించి హైకోర్టు దగ్గర నోటరీతో సంతకం పెట్టించాం. బ్యాంకు స్టేట్‌మెంటు అడిగింది మూడు నెలలది. మేం మూడేళ్ళది ఇచ్చాం. ప్రతి ఏడూ కోత అయ్యాక అదే కుప్ప, అదే వేళకు పడుతోందని ఆ మూడు లైన్ల పక్కన పెన్సిలుతో గీత గీశాను. వడ్లు కొన్న వ్యాపారి ఇచ్చిన తూకం చీటీలు, రసీదులు జత చేశాం. పేర్ల తేడాకు ఒక అఫిడవిట్. జిల్లా మార్పు గురించి రెండు లైన్ల వివరణ.

అన్నిటికన్నా మంచి కాగితం బావకు తట్టింది. పాలకేంద్రం పుస్తకం. అక్క రోజూ రెండు పూటలా పాలు పోస్తుంది, పదిహేను రోజులకోసారి డబ్బు బ్యాంకులో పడుతుంది. చిన్న మొత్తాలే, కానీ ఎన్నేళ్ళుగానో తప్పకుండా పడుతున్నాయి. నెలనెలా ఆదాయం ఏదీ అంటే ఇదిగో. తిరిగి వస్తావా అంటే ఇదిగో నాలుగు గేదెలు. నిజంగానే రాశాను: నేను లేని 11 రోజులూ పశువులను నా కొడుకు చూసుకుంటాడు, పన్నెండో రోజు నేను చూసుకోవాలి, ఎందుకంటే అతనికి నెల్లూరులో ఉద్యోగం ఉంది అని. కొడుకు సెలవు చీటీ కూడా పెట్టాం. మంచు చూడాలన్న మాట అక్క అన్నట్టే రాశాను. నా లెటర్లో 1874 నాటి ఒప్పందం గురించి రాశాను. కొంచెం ఎక్కువే రాశానేమో.

పదమూడో రోజుకు రెండు వీసాలూ వచ్చాయి.

ఆ ఫైలు వల్లే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను, లోపల కూర్చున్న వాళ్ళ మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ మనిషి అదే, పొలం అదే, బ్యాంకు అదే.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. వీసా ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు. 2024 జూన్ 11 ముందు 80 ఉండేది. 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు లేదు. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. మొదటిసారి ఫీజులు, సర్వీసు ఛార్జీలు, ఏజెంటు, ఆ లాంజ్ కుర్చీలు, కొంత మాత్రమే తిరిగొచ్చిన ఇన్సూరెన్సు కలిపి ఇద్దరికీ 43 వేలు గంగలో కలిశాయి. రెండోసారి ఏజెంటు లేడు, లాంజ్ లేదు. దాదాపు అందులో సగంతో అయిపోయింది. వేలిముద్రలు కూడా మళ్ళీ అక్కర్లేదు, ఒకసారి ఇస్తే 59 నెలల వరకు పనికొస్తాయి. అక్క అందుకు సంతోషించినంత వీసాకు కూడా సంతోషించలేదు. పాస్‌పోర్టు మాత్రం మళ్ళీ కొరియర్లోనే వచ్చింది. మన పాస్‌పోర్టు ఆఫీసు వాళ్ళు పుస్తకం మొదట ఇచ్చినప్పుడు స్పీడ్ పోస్టునే నమ్ముతారు, ఇక్కడేమో ఇలా. సరే, అది నా సొంత కడుపుమంట, తీసేయండి.

పాఠకులకు మరికొన్ని చెప్పాలి. వీసా చేతికి రాకముందు విమానం టికెట్టు కొనకండి, రిజర్వేషన్ చూపిస్తే చాలు. మా వీధిలో ఒకాయన వెనక్కి డబ్బు రాని టికెట్టు కొని లక్షన్నర వదులుకున్నాడు. హోటళ్ళు కూడా రద్దు చేసుకునే వీలున్నవే చూసుకోండి. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి, మీరు వెళ్ళే దేశానికే కాదు, షెంజెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. స్టిక్కరు వచ్చాక మడిచి బీరువాలో పెట్టకండి, చదవండి. చెల్లుబాటు తేదీలు వేరు, ఉండగలిగే రోజులు వేరు. తేదీల మధ్య నెల రోజులున్నా, రోజులు అన్న చోట 11 అని ఉంటే 11 రోజులే. ఎన్నిసార్లు లోపలికి రావచ్చో ఇంకో గడిలో ఉంటుంది. ఒక్కసారే అని ఉన్నవాళ్ళు మధ్యలో లండన్ చూసొద్దామని వెళ్తే మళ్ళీ లోపలికి రాలేరు. బ్రిటన్, ఐర్లాండ్ ఈ 29 దేశాల్లో లేవు. ఎన్ని ప్రవేశాలున్నా ఏ 180 రోజుల్లో చూసినా మొత్తం 90 రోజులు మించకూడదు.

అక్టోబరు మొదటి వారంలో వెళ్ళాం. పాస్‌పోర్టు మీద గుండ్రటి ముద్ర కాదు, నలుచదరపు ముద్ర కొట్టారు. సిరా సరిగ్గా అంటలేదు, నేనైతే ఇంకోసారి కొట్టేదాన్ని. 2025 అక్టోబరు 12 నుంచి ఆ ముద్రల బదులు ఫొటో, వేలిముద్రలు కంప్యూటర్లో ఎక్కించే పద్ధతి దశలవారీగా మొదలైంది. ఇక ముందు వెళ్ళేవాళ్ళకు ఆ ముద్ర ఉండదని తెలిసి నాకు దిగులేసింది. 9వ తేదీన, గురువారం, బెర్న్‌లో ఆ విగ్రహం ముందు నిలబడ్డాను. దాని గురించి మీకు రాయను, అది వేరే ఉత్తరం. యుంగ్‌ఫ్రావ్ కొండ మీదికి రైలు ఉంది, 1912 నుంచి నడుస్తోంది, 3,454 మీటర్ల ఎత్తున దించుతుంది. అక్క అక్కడ చెప్పు విప్పి కాలు మంచులో పెట్టింది. వెంటనే తీసేసి, "ఉప్పు మడిలా ఉందే," అంది.

అసలు విషయానికి వస్తాను. మా అక్కకు వీసా రాకపోవడానికి కారణం ఆ దేశం మన మీద పగబట్టడమని నేను అనను. అక్క ఎవరో మేమే చెప్పలేదు. చెప్పాలని మాకు తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. తెలిసినవాడనుకున్న మనిషి చెప్పొద్దన్నాడు. జీతం చీటీ ఉన్న కుర్రవాళ్ళకు ఈ బాధ లేదు. పొలం, పాడి, చీటీలు, పోస్టాఫీసు పుస్తకాలతో బతికేవాళ్ళ జీవితాన్ని ఆ ఫారానికి అర్థమయ్యేట్టు ఎలా మార్చి రాయాలన్నదే చిక్కు. తిరుపతి, నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి చెన్నై వచ్చి ఈ పని చేసుకునేవాళ్ళు తక్కువమంది కాదు. ఆ రోజు హాల్లో మా చుట్టూ వినపడిన మాటల్లో తెలుగు బాగానే ఉంది. గోడల మీద మాత్రం తెలుగూ లేదు, తమిళమూ లేదు. తప్పనిసరి రుసుములేవో, ఇష్టమైతే కట్టేవేవో ఆ రెండు భాషల్లో ఒక్క బోర్డు పెట్టమని ఆ దేశాల కాన్సులేట్లు సెంటర్ల వాళ్ళకు చెప్పాలి. మన రెవెన్యూ ఆఫీసుల్లో 1బి, అడంగల్ నకలు అడిగినవాళ్ళకు ఇంగ్లీషులోనూ సంతకం చేసి ఇస్తే నోటరీల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

మీ పత్రిక చేయగలిగింది ఇంకా తేలిక. పర్యటనల పేజీలో మంచుకొండల ఫొటో ఒకటి తగ్గించి, ఆ జాగాలో ఏ కాగితం ఎందుకు అడుగుతారో, అది లేనివాళ్ళు దాని బదులు ఏది పెట్టుకోవచ్చో రాయండి. రైతుకు, చిన్న దుకాణదారుకు, పెన్షనరుకు, నిజంగా గృహిణికి, ఒక్కో వారం ఒక్కరికి.

అక్క రెండో ఫైలు జిరాక్సు సెట్టు, ఖాతా నంబర్లు కొట్టేసి, నా దగ్గర సిద్ధంగా ఉంది. నమూనాగా వేసుకుంటామంటే అక్క సరేనంది. గేదెల పేరా మాత్రం తీయొద్దంది. అడిగితే పంపిస్తాను, స్పీడ్ పోస్టులో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై